ఇరవై మూడు ఒకట్లు, ఒక సున్నా

మా ఆయన్ని వీధిలో అందరూ గుండుసున్నా అంటారు. తిట్టు కాదు. దుకాణాల బోర్డులు రాసేవాళ్లలో ఆయనలా బ్రష్షు ఎత్తకుండా ఒక్క ఊపులో సున్నా చుట్టేవాళ్లు లేరు. ఫోన్ నంబరులో సున్నాలు ఎక్కువున్నవాళ్లు ఆయన్నే వెతుక్కుంటూ వచ్చేవారు. "మీ బతుకంతా సున్నాలే" అని నేను నవ్వితే, "నీ పొయ్యి వెలిగేదీ వాటితోనే" అనేవారు.

నిరుడు జబ్బుపడి లేచాక ఆయన కుడిచెయ్యి వణకడం మొదలైంది. నిలువు గీతలకు ఫర్వాలేదు, చేతికింద కర్ర ఆనించుకుంటారు. సున్నాకి కర్ర పనికిరాదు. "ఒక్క సున్నా మునుపటిలా కుదిరితే పని మానను. లేదంటే బ్రష్షులు తమ్ముడికిచ్చేస్తా" అన్నారు. అప్పటినుంచి నా ప్రాణమంతా ఆ సున్నా మీదే. పని లేకుండా ఇంట్లో కూర్చుంటే ఈ మనిషి మనిషిగా మిగలడని నా భయం.

అప్పుడే కాలేజీలో లెక్కల మేడం కబురు పెట్టారు. తరగతి గది గోడమీద ఒక పెద్ద సంఖ్య రాయాలట. కాగితం చూస్తే అన్నీ ఒకట్లే, ఇరవై మూడు.

"ఇదేం సంఖ్య మేడం, గేటు చువ్వల్లా ఉంది!" అన్నాను.

"దీన్ని ఒకటితో, ఇదే సంఖ్యతో తప్ప ఇంక దేనితో భాగించినా ఎంతో కొంత మిగిలిపోతుందమ్మా. అదే దీని గొప్ప."

సమంగా పంచలేకపోవడం గొప్పెలా అయిందో నా బుర్రకెక్కలేదు. మా ఇంట్లో అయితే దాన్ని గొడవ అంటారు. ఆయన బాధ వేరు. "ఇంత పెద్ద సంఖ్యలో ఒక్క సున్నా లేదేమిటే?"

నేను లెక్కపెడుతుంటే ఆయన కర్ర ఆనించి ఒకట్లు నిలబెట్టారు. అయితే మామూలు అంకెల వెడల్పుకి గోడ కొలిచారు, ఒకట్లేమో సన్నం. చివర జాగా మిగిలిపోయింది. బోర్డులో ఖాళీ కనిపిస్తే ఆయన చెయ్యి ఊరుకోదు, పువ్వో గీతో వేసి నింపాల్సిందే. "సున్నాకి విలువేముంది, లేనట్టేగా" అంటూ బ్రష్షు ముంచి, నేను నోరు తెరిచేలోపు చుట్టేశారు. నిండుగా, ఎక్కడా వణుకు లేకుండా, అచ్చం వెనకటిలాగే. నేను ఏడ్చేశాను.

మర్నాడు మేడం వచ్చి తల పట్టుకున్నారు. "అయ్యో, చివర సున్నా పెట్టారే! ఇప్పుడిది పదితో భాగం పోతుంది, అయిదుతో పోతుంది..."

పోతే పోనివ్వండి అని నా నోటిదాకా వచ్చింది.

"దీన్ని చెరిపి ఇంకో ఒకటి వేస్తే?" అని ఆయన అడిగారు.

"మూడుతో పోతుంది."

"పోనీ, ఉన్నవాటిలో ఒకటి తీసేస్తే?"

"పదకొండుతో పోతుంది."

అన్నీ అవే ఒకట్లు కదా! దేనికీ లొంగదన్న సంఖ్య ఇంత సుకుమారమేమిటో, నాకు తల తిరిగిపోయింది.

"సున్నా ఉండాలని ఉంటే మొదట్లో పెట్టుకోండి. అక్కడైతే ఏమీ మారదు, ఉన్నా లేనట్టే" అన్నారు మేడం.

ఆయన ఆ చక్కటి సున్నా మీద తెల్లరంగు వేశారు. తర్వాత మొదటి ఒకటికి ముందు, తలుపు పక్కనున్న కాస్త జాగాలో బ్రష్షు పెట్టారు. మేమిద్దరం చూస్తూనే ఉన్నాం. చెయ్యి వణికింది. సున్నా సొట్టపడిన గిన్నెలా వచ్చింది.

"ఫర్వాలేదండీ, సంఖ్యకేం కాలేదు" అని మేడం వెళ్లిపోయారు.

కుదిరిన సున్నా సంఖ్యను పాడుచేసిందట, వంకర సున్నా ఏ హానీ చెయ్యలేదట. ఈ లెక్క కనిపెట్టినవాళ్లు ఎదురుపడితే నిలదీస్తాను.

ఆయన బ్రష్షు నా చేతికిచ్చి, "తమ్ముడికి కబురు పెట్టు" అన్నారు.

"ఎందుకూ? ఒక్కటి కుదిరితే చాలన్నారుగా. నిన్న కుదిరింది."

"ఏదీ? ఇప్పుడు లేదుగా."

"తెల్లరంగు కిందే ఉంది. నేను చూశాను."

ఆయన గోడవంక ఒకసారి చూసి, నా చేతిలోంచి బ్రష్షు తీసుకుని, కడిగి, తన సంచిలోనే పెట్టుకున్నారు.