నేను రాసిచ్చిన కాగితం

నాకు పియానో నేర్పినావిడ నర్సు. హిందూపురంలో ఒక ఆసుపత్రిలో పగలంతా పనిచేసి, సెలవు పూటల్లో చర్చిలో కీర్తనలకు పియానో వాయించేవారు. పెళ్లి చేసుకోలేదు. అందరూ ఆమెను టీచరమ్మ అనే పిలిచేవాళ్లు.

మా నాయన ధర్మవరంలో రైల్వే గ్యాంగ్‌మన్. శనివారం ఒంటిపూట బడి వదలగానే నన్ను ప్యాసింజరు ఎక్కించి, ఎదుటి సీటులో కూర్చున్న ఎవరో ఒక పెద్దావిడకు అప్పజెప్పి, హిందూపురంలో దించమని చెప్పేవాడు. నాకప్పుడు తొమ్మిదేళ్లు. స్టేషన్లో టీచరమ్మ నిలబడి ఉండేవారు. చర్చిలో రెండు గంటలు పాఠం, తర్వాత ఆమె ఇంట్లో అన్నం, ఆదివారం ఆరాధన కాగానే మళ్లీ రైలు. ఎనిమిదేళ్లు అట్లానే సాగింది.

ఆ పియానో ఎప్పుడో దొరలు వదిలిపోయింది. గోడకు ఆనించి నిలబెట్టే రకం. రెండు మెట్లు పలికేవి కావు. ఆ స్వరాలు వచ్చినప్పుడు నోటితో పాడమనేవారు టీచరమ్మ. చెయ్యి నిలకడగా ఉండాలని నా మణికట్టు మీద ఖాళీ థర్మామీటరు డబ్బా పెట్టి, అది జారిపడకుండా వాయించమనేవారు. జారితే కోప్పడేవారు కాదు. వంగి తీసి మళ్లీ పెట్టేవారు, అంతే.

తర్వాత బెంగళూరులో చదివాను, పరీక్షలు ప్యాసయ్యాను. చిన్న చిన్న హాళ్లలో కచేరీలు చేశాను. అంతకన్నా ఎక్కువగా హోటళ్లలో, జనం ప్లేట్ల మీద వంగి తింటుంటే వాయించాను. ఒక్కరూ తలెత్తి చూసేవారు కాదు. చివరికి హిందూపురంలోనే ఒక ప్రైవేటు స్కూల్లో సంగీతం టీచరుగా చేరాను. వార్షికోత్సవానికి పిల్ల చేత సినిమా పాట వాయించగలరా అని తల్లిదండ్రులు అడుగుతారు. వాయించగలనంటాను. నలభై దాటాక పీహెచ్‌డీ మొదలుపెట్టాను. మా వైపు చర్చిల్లోకి పియానోలు, హార్మోనియాలు వచ్చాక మన కీర్తనల బాణీలు ఎట్లా మారాయన్నది నా విషయం.

ఆ పని మీద తిరుగుతున్న రోజుల్లోనే చర్చి కార్యదర్శి ఫోన్ చేశాడు. పాత పియానో సంగతి తేల్చాలట, కమిటీకి ఒక కాగితం కావాలట.

"మీరు చదువుకున్నోళ్లు మేడమ్. దాని పరిస్థితి ఎట్లుండాదో రాసియ్యండి, చాలు" అన్నాడు.

ఒక పూటంతా కూర్చుని పరీక్షించాను. తీగల వెనక పలక పగిలింది. తీగలు బిగించే మేకులు వదులై శ్రుతి నిలవడం లేదు. ఇంగ్లీషులో రెండు పేజీలు రాశాను. రాస్తుంటే గర్వంగా అనిపించిన మాట నిజం. ఈ చుట్టుపక్కల ఈ వాద్యం గురించి నాకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదని చదివినవాళ్లకు తెలియాలని రాశాను. ప్రస్తుత స్థితిలో వాయించడానికి పనికిరాదని మొదటి పేజీలో ఉంది. బాగుచేయించవచ్చని, ఎవరి చేత, ఎట్లా అన్నది రెండో పేజీలో ఉంది. కమిటీలో మొదటి పేజీ మాత్రమే చదివారు.

నెల తర్వాత కొలతలు తీసుకుందామని వెళితే, అది ఉన్న చోట గోడ మీద తెల్లటి మచ్చ ఉంది. చర్చి ఊడ్చే అవ్వ చెప్పింది. కొత్త తలుపులు ఇరుకై పియానో బయటికి రాలేదట. పాత సామాన్లు కొనేవాళ్లు లోపలే సుత్తులతో పగలగొట్టారట.

"తీగలు తెగతా ఉంటే వీధి చివరిదాకా ఇనపడినాదమ్మా" అంది.

ఆ స్థానంలో కీబోర్డు తెచ్చారు. ప్రారంభం రోజు నన్నే వాయించమన్నారు. కాదనవచ్చు. కానీ చర్చి పాత రిజిస్టర్లు ఆ కార్యదర్శి బీరువాలో ఉన్నాయి, నా పరిశోధనకు అవి కావాలి. ఒప్పుకున్నాను.

రిటైరయ్యాక టీచరమ్మ పెనుకొండలో చెల్లెలి ఇంట్లో ఉంటున్నారు. ఆమెను కారులో తీసుకొచ్చి ముందు వరుసలో కూర్చోబెట్టారు. కార్యదర్శి దగ్గరికొచ్చి కీబోర్డులో వచ్చే డప్పు తాళం కూడా పెట్టమన్నాడు. మీట నొక్కాను. టీచరమ్మ నాకు మొదట నేర్పిన కీర్తననే ఆ దబదబల మధ్య వాయించాను. జనం చప్పట్లు కొట్టారు. ఆమె చేతులు ఒళ్లోనే ఉన్నాయి.

బయట మెట్ల దగ్గర నన్ను ఆపి అడిగారు.

"కాగితం నువ్వే రాసిచ్చినావంట?"

"బాగుచేయించొచ్చని రెండో పేజీలో రాసినాను టీచరమ్మా. వాళ్లు అది చదవలేదు."

"మొదటి పేజీ రాసింది కూడా నువ్వే కదా" అన్నారు. కారు వైపు తిరిగి, "పలకని మెట్లతోనే నీకు నేర్పిస్తి. పనికిరాదని ఒక్కనాడన్నా అంటినా?" అన్నారు.

కారు డ్రైవరు తలుపు తీశాడు, ఆమె ఎక్కి వెళ్లిపోయారు.

రిజిస్టర్లు మాత్రం దొరికాయి. ఆ పియానో మీద నేను రాసిన అధ్యాయమే సిద్ధాంత గ్రంథం మొత్తంలో మంచిదని మా గైడు మెచ్చుకున్నారు. పరీక్షించిన రోజు తీసిన ఫొటోలు అందులో పెట్టాను. అవే దాని చివరి ఫొటోలు కాబట్టి ఆ అధ్యాయానికి విలువ పెరిగింది. ఒక సదస్సులో దాన్ని చదివితే, వాద్యం ఇప్పుడెక్కడుందని ఎవరో అడిగారు. లేదు, పోయిందని చెప్పాను. ఎట్లా పోయిందో చెప్పలేదు.

ఆ కీర్తనలు అన్నేళ్లు వాయించిన మనిషి మాటలు కూడా గ్రంథంలో ఉండాలి. రికార్డర్ తీసుకుని పెనుకొండ వెళ్లాను. టీచరమ్మ కుర్చీ వేశారు, నాయన ఆరోగ్యం అడిగారు. నేను రికార్డర్ తీసి బల్ల మీద పెట్టేసరికి దాన్ని చూసి మెల్లగా నవ్వారు.

"నన్ను గూడా పరీక్ష చేసి కాగితం రాసిపెడతావా? వద్దులేమ్మా. టీ తాగి పో."

తాగి వచ్చేశాను. తర్వాత రెండుసార్లు వెళ్లాను. రెండుసార్లూ ఆమె చెల్లెలే గడపలోకి వచ్చి, అక్క పడుకుందని చెప్పింది.

డాక్టరేటు వచ్చింది. స్కూల్లో శాలువా కప్పారు. మౌఖిక పరీక్షలో మాత్రం బయటినుంచి వచ్చిన ప్రొఫెసరు ఒక లోటు పట్టుకున్నారు. ముప్పై ఏళ్లకు పైగా ఆ పియానో వాయించినావిడ ప్రస్తావన అధ్యాయమంతటా ఉంది, ఆమెతో సంభాషణ ఒక్కటీ లేదేమని అడిగారు.

ఆవిడ అందుబాటులో లేరని చెప్పాను. ఆయన సరేనని రాసుకున్నారు.