పాలచెట్ల దిబ్బ మీద గబ్బిలాలు

దయ్యాల కథలు చెప్పేవాళ్లను చూస్తే నాకు నవ్వొచ్చేది. మా ఇంట్లో ప్రార్థన ఉండేది గానీ తాయెత్తులూ దిష్టితీతలూ ఉండేవి కావు. చీకట్లో ఒంటరిగా బావికి పోవడానికి కూడా నేను జంకేదాన్ని కాదు. ఇది జరిగింది మాత్రం పట్టపగలు.

అరవైల మొదట్లో మేము బోగోలుకు తూర్పున ఒక పల్లెలో ఉండేవాళ్లం. ఊరికీ సముద్రానికీ నడుమ ఇసుకదిబ్బ మీద పాలచెట్ల అడవి ఉండేది. ఆ కొమ్మల నిండా పెద్ద గబ్బిలాలు వేలాడేవి. ఉబ్బసానికి మందని కొందరు వాటిని కొట్టి తినేవాళ్లు. ఏటేటా అవి తగ్గుతూ వచ్చాయి. సరుగుడు తోట వేయాలని అడవినీ కొద్దికొద్దిగా నరికేశారు. చివరి చెట్టు కూలిన వేసవిలో, మిగిలిన గబ్బిలాలు మా ఇళ్లపైన తిరిగి తిరిగి ఎటో పోయాయి. మళ్లీ ఒక్కటీ కనబడలేదు.

ఆ చలికాలంలో ఒక మధ్యాహ్నం నేనూ, మా అన్న భార్య కరుణమ్మా సముద్రపు ఒడ్డున ఎండుచేపలు కొనుక్కుని, గంపలు నెత్తిన పెట్టుకుని ఆ దిబ్బ దాటుతున్నాం. సరుగుడు మొక్కలింకా నాటలేదు. కనుచూపుమేర ఇసుకే. మా వదిన గట్టి మనిషి, మాటకారి. దారంతా నన్ను నవ్విస్తూనే ఉంది.

ఉన్నట్టుండి గబ్బిలాల కంపు కొట్టింది. నా గంపలో టప్‌మని ఏదో పడింది. దించి చూస్తే సగం కొరికిన పాలపండు. అవి ఎండాకాలంలో తప్ప కాయవు. అంతలోనే నా భుజం మీద వెచ్చగా రెట్ట పడింది.

"వదినా, ఇదేంది?" అన్నాను.

ఆమె తలెత్తింది. మొహంలో నెత్తురు లేదు. నా చెయ్యి పట్టుకుంది.

"పైకి చూడబాక. నడువు."

చూడకుండా ఉండలేకపోయాను. నాకు కనబడింది ఉత్త ఆకాశమే. రెక్కలు విదిలించే చప్పుడు మాత్రం చెయ్యి చాపితే అందేంత దగ్గరలో వినబడింది. గంపలు వదిలేసి పరుగెత్తాం.

సాయంత్రం అన్న పోయి గంపలు తెచ్చాడు. కాకులు ఒక్క చేపను కూడా ముట్టలేదు.

వదినకు జ్వరం తగిలింది. తగ్గాక కూడా ఆరుబయట నిలబడేది కాదు. ఏం చూశావని అడిగినప్పుడల్లా ఏదో పనిలో పడేది. ఒక్కసారి మాత్రం చెప్పింది.

"అన్నీ యాలాడతా ఉండాయి అమ్మాయ్, మన నెత్తిన. పట్టుకునేదానికి ఒక్క కొమ్మన్నా లేదు. అన్నీ మనల్నే చూస్తా ఉండాయి."

ఆమె పోయి చాలా ఏళ్లయింది. అదేమిటో, నాకెందుకు కనబడలేదో ఈనాటికీ చెప్పలేను. దిబ్బ మీద సరుగుడు ఎదిగింది, కొట్టారు, మళ్లీ ఎదిగింది. నేను మాత్రం సముద్రానికి చుట్టుదారినే పోతాను.