అక్క ఊ కొట్టని చోట

అరవై దాటాక నాకు రచయితనవ్వాలన్న పిచ్చి పట్టింది. తొంభైల చివరి మాట. అప్పటికే పటాలంలో చేసి వచ్చి, రాజోలు దగ్గర రెండెకరాల కొబ్బరితోట చూసుకుంటున్నాను. చిన్నప్పుడు జపాన్ యుద్ధం వచ్చి, బర్మాలోని రంగూన్ నుంచి కాలినడకన బయటపడి ప్రాణాలు దక్కించుకున్న కుటుంబం మాది. కాయ దింపు లేని రోజుల్లో ఆ కథే రాసేవాణ్ణి. అచ్చువేసేవాడు దొరికాడు. సోమవారానికి కాగితాలు ఇమ్మన్నాడు.

వినడానికి అక్క ఉండేది. మా ఇంట్లోనే ఉండేది, చదువు రాదు. మధ్యాహ్నం భోజనాలయ్యాక అరుగుమీద కూర్చుని కొబ్బరాకుల ఈనెలు తీసి చీపుళ్లు కట్టేది. నేను చదువుతుంటే ఊ కొట్టేది. నాకసలే ముక్కుమీద కోపం, ఊ కాస్త ఆలస్యమైతే విసుక్కునేవాణ్ణి.

ఒక రోజు నా నడక ఘట్టం వచ్చింది. ఆరేళ్లవాణ్ణి కొండలూ అడవులూ నా కాళ్లతోనే దాటాననీ, ఆ నడకే నన్ను సైనికుణ్ణి చేసిందనీ రాసుకున్నాను. చదివాను. ఊ లేదు. గొంతు పెంచి మళ్లీ చదివాను. అక్క చేతిలో కత్తి ఆగిపోయింది.

నిద్రపోతున్నావా అన్నాను.

"లేదురా. జరగనిదానికి ఊ ఎలా కొట్టను?"

నాకు కోపం నసాళానికంటింది. నీకేం తెలుసని గదమాయించాను. అక్క నావంక చూడకుండానే చెప్పింది.

"నువ్వు నడవలేదు తమ్ముడూ. రెండోరోజుకే నీ కాళ్లు బొబ్బలెక్కిపోయేయి. అమ్మకి జ్వరం, నాన్న అమ్మని పట్టుకుని నడిపించేరు. రైలు దొరికేదాకా నిన్ను నేనే మోసేను."

అప్పటికి ఆమెకు పదకొండేళ్లు. అక్క కుడిభుజం ఎప్పుడూ కిందికి దిగి ఉండేది. పుట్టుకతోనే అంత అనుకుని, వంకర కావిడి అని వెక్కిరించేవాణ్ణి కూడా.

ఇన్నేళ్లూ ఎందుకు చెప్పలేదని అడిగాను. నడిచేనని అందరికీ చెప్పుకుని సంబరపడేవాడివి కదా, పోనీలే అనుకున్నానంది. ఇప్పుడు అచ్చులోకి వెళ్తోందనే నోరు విప్పిందట.

సిగ్గుతో చచ్చిపోయాను. అయినా, అబద్ధమెందుకు, ఆ పూటంత సంతోషం పటాలం నుంచి ఇంటికొచ్చిన రోజు కూడా లేదు. నన్ను మోసిన మనిషి ఇంకా నా అరుగుమీదే కూర్చుని ఉంది మరి.

సోమవారం కాగితాలు వెళ్లలేదు. అచ్చువేసేవాడు నాలుగు మాటలన్నాడు, పడ్డాను. నడక ఘట్టం మొత్తం కొట్టేసి కొత్తగా రాసి, అక్క ఎదురుగా కూర్చుని మొదటి వాక్యం చదివాను.

"నేను నడవలేదు. మా అక్క భుజమ్మీద ఈ దేశానికొచ్చాను."

అక్క ఈనెలు తీస్తూనే, "ఊ" అంది.