మూడో పిలుపు రాలేదు

నా మనవరాలి తల మీద చెయ్యి పెట్టి చెప్తున్నాను, ఇందులో కల్పించింది ఒక్క ముక్క లేదు. రాసుకునేవాళ్ళు కూడా ఏమీ కలపకండి. ఆ పిల్ల పుట్టిన రాత్రే ఇది జరిగింది.

మా కొండల్లో చీకటి పడ్డాక ఎవరు పిలిచినా మూడోసారికి గానీ పలకం. మనిషైతే మూడుసార్లు పిలుస్తాడు. మనిషి కానిది... రెండుతో ఆపేస్తుంది. చర్చిలో పాస్టరు గారు ఎంత తిట్టినా ఈ ఒక్కటీ మానలేదు. ఎలా మానతాం? మా ఆయన ఒక రాత్రి మొదటి పిలుపుకే పలికి బయటికి వెళ్ళాడు. పొద్దున్న కాఫీ తోటలో దొరికాడు. గుండెపోటు అన్నారు. అననివ్వండి.

కిందటి వానాకాలంలో మా అమ్మాయి ఎస్తేరుని ముంచింగిపుట్టు అవతల నుంచి జీపులో ఆసుపత్రికి తెచ్చాను. ఆడపిల్ల పుట్టింది. కాన్పులు చేసే డాక్టరమ్మ చెయ్యి మంచిది, నోరే మంచిది కాదు. దీపాలు పెట్టే వేళకి వచ్చి "ఎస్తేరూ" అని పిలిచింది. మా పిల్ల కళ్ళు మూసుకుని పడుకుంది. పలకలేదు. మళ్ళీ పిలిచింది. పలకలేదు. స్పృహ లేదనుకుని, అంబులెన్సు చెప్పండి, విశాఖపట్నం పంపాలి అని నర్సుని కేకేసింది. ఆ వానలో, ఘాట్ రోడ్డు మీద, పచ్చి బాలింతని! నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఇంకోపాలి పిలండమ్మా, పలుకుతాది."

పిలిచింది. "ఏటమ్మా" అంది మా పిల్ల. డాక్టరమ్మ తల పట్టుకుంది.

"నేను పిలిచేది సరదాకి కాదు. మనిషి పలకడమే నాకు సగం పరీక్ష. ఈ రాత్రి ఒక్క పిలుపుకి పలక్కపోతే బండెక్కించేస్తాను, చెప్తున్నా."

ఆవిడకి నా మీద విసుగు, నాకు ఆవిడ మీద విసుగు. మధ్యలో మా పిల్ల.

కాసేపటికి కరెంటు పోయింది. జనరేటరు కాన్పుల గదికేనట, వార్డుకి లేదట. రేకుల మీద వాన దంచుతోంది. ఆ చప్పుడులో... గుమ్మం దగ్గర చెప్పుల చప్పుడు. టప్... టప్... ఆగింది.

"ఎస్తేరూ..."

డాక్టరమ్మ గొంతే. కానీ అందులో విసుగు లేదు. అదే నాకు తేడాగా అనిపించింది.

మా పిల్ల నా చెయ్యి పట్టుకుంది, పలకనా వద్దా అన్నట్టు. చల్లగా ఉంది ఆ చెయ్యి. భయానికి అనుకున్నాను. పలక్కపోతే ఘాట్ రోడ్డు. పలికితే... మా ఆయన గుర్తొచ్చాడు. మా పిల్ల నోటికి అరచెయ్యి అడ్డం పెట్టాను. ఊపిరి గబగబా తగులుతోంది.

"ఎస్తేరూ..."

ఈసారి మంచం కాళ్ళ దగ్గర నుంచి. కాఫీ పూల వాసన... వానాకాలంలో కాఫీ ఎక్కడ పూస్తుంది?

మూడో పిలుపు కోసం చెవులు రిక్కించాను. వాన... వాన... రాలేదు.

అంతలో వరండాలో పరుగు. టార్చిలైటుతో డాక్టరమ్మ. నిలువునా తడిసిపోయి ఉంది.

"ఏమైంది? ఎందుకు పిలిచావు?"

"నాను పిలవనేదమ్మా."

ఆవిడ వినిపించుకోలేదు. దుప్పటి లాగి టార్చి వేసింది. పక్కంతా రక్తం. నేను గుమ్మం వైపే చూస్తూ కూర్చున్నాను గానీ పిల్లని చూడలేదు. ఆవిడ సూది వేసింది, పొట్ట నొక్కి పట్టింది, నన్ను తిడుతూనే ఉంది. తెల్లారేదాకా ఆ మంచం వదల్లేదు.

పొద్దున్న ఆవిడ వరండాలో టీ తాగుతుంటే అడిగాను, మిమ్మల్ని ఎన్నిసార్లు పిలిచానని.

"ఒక్కసారే. డాక్టరమ్మా అని. నీ గొంతే. వస్తున్నా అని పలికాను కూడా."

ఆవిడ ఉండేది గేటు అవతల క్వార్టర్సులో. ఆ వానలో అక్కడికి ఏ గొంతు వినబడుతుంది?

"ఒక్క పిలుపుకే పలికేసినారేటమ్మా."

ఆవిడ నా వైపు మహా విసుగ్గా చూసింది. "పిలిస్తే వెళ్ళడమే కదమ్మా నా పని. మూడోసారి దాకా కూర్చుంటే నీ కూతురు ఉండేదా?"

ఆ వచ్చింది మా పిల్లని తీసుకుపోవడానికి వచ్చిందో, పిల్లని కాయడానికి నా గొంతుతో డాక్టరమ్మని పిలిచిందో... ఆ పూల వాసన ఎవరిదో... ఇప్పటికీ తెలియదు. మనవరాలికి టీకా వేయించడానికి వెళ్ళినప్పుడల్లా ముందు ఆవిడ గది దగ్గర ఆగుతాను. లోపల ఎవరినో తిడుతూ ఉంటుంది. ఆ విసుగు వినబడితే... అమ్మయ్య, ఆవిడే అనుకుంటాను.