చొక్కా లేని కర్రలు

ఇవాళ హన్మకొండలో ఒక చిత్రాల ప్రదర్శనకు వెళ్లాను. రాగి రేకు మీద గీతలు చెక్కి, నల్ల సిరాతో అచ్చు వేసిన పల్లె చిత్రం ఒకటి ఉంది. రంగే లేని పత్తి చేను, నడుమ అడ్డంగా కట్టిన రెండు ఉత్త కర్రలు. పక్కనున్నావిడ "ఎంత ప్రశాంతంగా ఉందో" అన్నది. నేను మాత్రం అక్కడ నిలబడలేక వచ్చేశాను.

చిన్నప్పుడు పాలకుర్తి దగ్గర మా చేనులో అవ్వ అలాంటి కర్రలకే చనిపోయిన తాత చొక్కా తొడిగి దిష్టిబొమ్మ చేసింది. మీ చేలల్లోనూ పాత చొక్కాలు తొడిగేవాళ్లు, గుర్తుందా? మేమైతే "తాతా, పోతున్నం" అని చెప్పకుండా ఇంటికి రాకూడదు.

ఒకనాడు వాన మొదలైతే చెప్పకుండానే ఉరికొచ్చాను. పొద్దున లేచేసరికి ఆ చొక్కా మా ఇంటి దండెం మీద ఉంది. నీళ్లు కారుతున్నాయి, దాని చేతులకు చేను మట్టి. ఇంట్లో ఎవరూ తేలేదన్నారు.

అవ్వ మాత్రం నెమ్మదిగా, "చెప్పకుంట వచ్చినవ్ గద బిడ్డా. ఎటు పోయినవో అని దేవులాడుకుంట వచ్చిండు" అన్నది.

ఇంటికొచ్చి ఇది రాస్తుంటే గుర్తొచ్చింది. ఆ చిత్రం దగ్గర కూడా చెప్పకుండానే వచ్చేశాను. బాల్కనీలో దండెం నా వెనకే ఉంది. తిరిగి చూడబుద్ధి కావడం లేదు.