స్వెట్టర్లమ్మే పేమమ్మ మీద విచారణ

నరసరావుపేట కేంద్రంగా పల్నాడు కొత్త జిల్లా అయిన ఏడాది, వేసవి చివర నన్ను మాచర్ల నుంచి జిల్లా స్పెషల్ బ్రాంచికి బదిలీ చేశారు. హోదా ఏఎస్సై. పదవీ విరమణకు కొద్దికాలమే ఉన్నందువల్ల పరుగులు పెట్టనవసరం లేని సీటు ఇచ్చారు. అది విదేశీయుల సెక్షన్. మాచర్లలో తోటివాళ్ళు "పల్నాట్లో ఫారినోళ్ళు ఎవురుంటారు బాబాయ్, పోయి హాయిగా నిద్రపో" అని దండవేసి సాగనంపారు.

నిద్రకు వీలుపడలేదు. స్పెషల్ బ్రాంచిలో యూనిఫాం ఉండదు, మఫ్టీలోనే తిరగాలి. జిల్లాలో ఏ దేశపు మనుషులున్నారు, ఎక్కడ దిగారు, కాగితాలకు గడువుందా అన్నది మా పని. కాలేజీల్లో చదువుకునే ఆఫ్రికా కుర్రాళ్ళు కొందరుండేవారు. వాళ్ళు కాక చలికాలంలో రోడ్డు పక్కన తడికెలు కట్టి స్వెట్టర్లమ్మే టిబెట్టు వాళ్ళు. మన జనం వాళ్ళను నేపాలోళ్ళంటారు. నిజానికి వాళ్ళు శరణార్థులు. సొంత దేశంలో ఉండలేక మన దేశానికి వచ్చి, ఎక్కువమంది కర్ణాటకలోని క్యాంపుల్లో ఉంటున్నారు.

శరణార్థికి పాస్‌పోర్టు ఉండదు. పాస్‌పోర్టు ఇచ్చే ప్రభుత్వం నుంచే కదా పారిపోయి వచ్చింది. దానికి బదులు మన ప్రభుత్వం ఒక రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ ఇస్తుంది. ఆఫీసు భాషలో ఆర్సీ. గడువు తీరేలోగా పొడిగించుకోవాలి, క్యాంపు వదిలి వేరే ఊళ్ళో మకాం పెడితే అక్కడి పోలీసులకు చూపించాలి. పల్నాడులో ఆర్సీ అంటే లారీలకూ ట్రాక్టర్లకూ ఉండేదే. ఆ ఏడాది టౌన్ స్టేషన్ నుంచి స్వెట్టర్ల దుకాణానికి వెళ్ళిన ఒక కానిస్టేబుల్ ఇలా రాసి పంపాడు: "సదరు మహిళ వద్ద ఆర్సీ కలదు. బండి కనపడలేదు. లైసెన్సు, ఇన్సూరెన్సు అడుగగా లేవని చెప్పినది."

ఆ సదరు మహిళే పేమమ్మ. అసలు పేరు పేమా. మన నోటికి అమ్మ చేర్చనిదే తోచదు.

కార్తీకమాసం చివర ఎస్పీ గారి ఆఫీసుకు ఒక ఆకాశరామన్న అర్జీ వచ్చింది. అప్పట్లో సరిహద్దులో చైనావాళ్ళతో తోపులాటలని టీవీలు హోరెత్తిస్తున్నాయి. అర్జీ సారాంశం ఇది. నరసరావుపేటలో పన్నెండు నెలలూ ఎండే. ఇక్కడ స్వెట్టరు ఎవరికి కావాలి? ఎవరికీ అక్కర్లేని సరుకు అమ్ముతున్నారంటే అసలు పని వేరే అయి ఉండాలి. ముఖాలు చూస్తే చైనా. కాబట్టి గూఢచారులు. ఇట్లు, దేశభక్తుడు.

తర్కంలో లోపం కనిపించక మా సెక్షన్ ఇన్‌స్పెక్టర్ గారు కాసేపు ఆలోచనలో పడ్డారు. వయసులో నాకన్నా బాగా చిన్నవారు, కాగితం విషయంలో ఖచ్చితమైన మనిషి. నేనిక్కడి వాణ్ణి కనుక, పేటలో ఎండాకాలం రేకుల వేడికి పడుకోలేని జనమే పుష్యమాసం తెల్లవారుజామున మంకీ క్యాపు లేకుండా పాలప్యాకెట్టుకు కూడా వెళ్ళరని మనవి చేసుకున్నాను. ఆయన అది నోట్ చేసుకుని, అయినా విచారణ జరపమన్నారు. జాతీయత ఏమిటి, సొంత దేశం ఎందుకు వదిలింది, ఎందుకు తిరిగి వెళ్ళదు అన్న మూడు అంశాల మీద నివేదిక ఇవ్వాలి.

ఇందులో ఆమెకు వచ్చే చిక్కు పెద్దది. ఆర్సీ గడువు సంక్రాంతి దాటగానే తీరిపోతుంది. పొడిగించే ముందు కర్ణాటక ఆఫీసు వాళ్ళు మా జిల్లా అభిప్రాయం అడిగారు. మేము అనుమానాస్పదమని ఒక్క మాట రాస్తే పొడిగింపు ఆగిపోతుంది. కాగితం లేని విదేశీయురాలి మీద కేసు పెట్టవచ్చు. వెనక్కి పంపితే అక్కడ పట్టుకుంటారు, ఉంచుకుందామంటే ఇక్కడ హక్కుండదు.

నేను వెళ్ళేసరికి పేమమ్మ ఒక ముసలామెతో బేరంలో ఉంది. ఇరవై చలికాలాలకు పైగా మన ప్రాంతంలోనే అమ్మడం వల్ల ఆమె తెలుగు అచ్చం మన తెలుగే.

"ఏమే నేపాలమ్మా, ఈ టోపీ చెవులు మూసుద్దా?" అంది ముసలామె.

"చెవులేంది మామ్మా, నోరు గూడా మూసుద్ది. తీసుకుపో, మీ కోడలు నాకు దండం పెట్టుద్ది."

ముసలామె తిట్టుకుంటూనే రెండు కొన్నది. ఆ తర్వాత నేను నా గుర్తింపు కార్డు చూపించి, అర్జీ సంగతి చెప్పాను. చైనా అన్న మాట వినగానే పేమమ్మ చేతిలో మడతపెడుతున్న స్వెట్టర్ని కుప్పమీదికి విసిరేసింది.

"నేపాలు అంటే ఊరుకున్నా. మాచర్లలో ఒకాయన జపాను అన్నాడు, సర్లే పెద్దోడు గదా అనుకున్నా. చైనా అంటే మాత్రం ఊరుకోను సారూ. రాసుకో."

రాసుకున్నాను. వాంగ్మూలంలో చెప్పినవాళ్ళ మాటను చెప్పినట్టే రాయాలన్నది నియమం కనుక జపాను కూడా రాశాను.

దేశం ఎందుకు వదిలావమ్మా అని అడిగితే "ఫోటో" అంది. నాకు అర్థం కాక, నివేదికకు ఫోటో అవసరం లేదు, కారణం చెప్పమన్నాను. "చెప్తుండా గదన్నా, ఫోటో!" అని విసుక్కుంది. సారూ నుంచి అన్నాకు వచ్చిందంటే కోపం తగ్గిందని లెక్క. అప్పుడు మొదటి నుంచి చెప్పింది.

వాళ్ళ నాన్న బూట్లు కుట్టేవాడు. వాళ్ళ మతగురువు ఎప్పుడో దేశం విడిచి మన దేశానికి వచ్చేశారు. ఆయన ఫోటో ఇంట్లో ఉండకూడదని అక్కడి ప్రభుత్వం ఆజ్ఞ. నాన్న ఒక చిన్న ఫోటోను బార్లీ పిండి డబ్బాలో అడుగున దాచాడు. ఎవరో పేరు రాయకుండా అక్కడి పోలీసులకు ఒక కాగితం వేశారు. సోదా వాళ్ళు వచ్చి పిండంతా నేలమీద పోశారు. నాన్న రెండు చలికాలాలు జైల్లో ఉండి వచ్చాడు. వచ్చాక కుడిచేతి వేళ్ళు మడవడానికి రాలేదు, బూటు పట్టలేకపోయాడు. ఏం జరిగిందని ఇంట్లో ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. కూతుర్ని మాత్రం సరిహద్దు దాటించే మనుషులకు అప్పగించాడు.

"నన్నే ఎందుకు పంపాడో తెలుసా అన్నా? నా నోరు చూసి భయపడ్డాడు. అన్నయ్య మెతక, వాడు బతికేస్తాడు, ఇది మాత్రం ఏదో రోజు ఎవరినో ఏదో అంటుంది, మళ్ళీ వస్తారు అన్నాడు." ఆ నోరు ఇప్పుడే చూసి ఉన్నాను కనుక తండ్రి అంచనా తప్పని నాకు తోచలేదు.

మంచు కొండలు నడిచి నేపాలు మీదుగా వచ్చింది. "అందుకే నేపాలమ్మ అన్నా సగం నిజమే లే" అని తనే నవ్వింది. తిరిగి వెళ్ళే ఉద్దేశం గురించి అడిగితే వాళ్ళ అమ్మ ఫోను సంగతి చెప్పింది. మాట్లాడితే ఎవరో వింటారు. అందుకని ఎప్పుడు ఫోను చేసినా అమ్మ గుర్తుగా ఒకటే మాట అంటుంది: ఇక్కడ ఎండ బాగా కాస్తోంది, మళ్ళీ చేయొద్దు. గడ్డకట్టే మాఘమాసంలోనూ ఎండే కాస్తుంది. "నేను పోతే నాతో పాటు వాళ్ళనీ తీసుకపోతారు" అంది. ఈ మాట చెప్పేటప్పుడు నవ్వలేదు.

విచారణలో ఇరుగుపొరుగు వాంగ్మూలాలు కూడా కావాలి. పేమమ్మ తడికెకు ఎదురుగా రెడీమేడ్ దుకాణం సుబ్బయ్య గారిది. ఆయనా జర్కిన్లు పెట్టేవాడు, అవి కదిలేవి కావు. అర్జీలో "దేశభక్తుడు"లోని శకారం చుట్టిన తీరు ఆయన బిల్లుబుక్కులోనూ ఉండేది. ఆ సంగతి నేనెత్తలేదు. ఎదురు దుకాణం మనిషిగా మీకేం తెలుసని మాత్రమే అడిగాను. ఆయన రహస్యం చెప్పేవాడిలా ముందుకు వంగాడు.

"ఏఎస్సై గారూ, ఫోటో కోసం దేశం వదిలి వచ్చిందంట. టీ కొట్టోడు చెప్పాడు. నమ్మేట్టుందా?"

పిండి డబ్బాలో దొరికిందట అన్నాను. సుబ్బయ్య గారు కొంచెం వెనక్కి జరిగాడు. "డబ్బాలోనా? అడుగునా, పైనా?" అడుగున అని చెప్పాను. "ఎట్టా తెలిసిందంట?" పేరు లేని కాగితం ఎవరో వేశారట అన్నాను. ఆయన కళ్ళు పై అరలోని బనియన్ల అట్టపెట్టె మీదికి పోయి వచ్చాయి.

ఆ అట్టపెట్టె సంగతి బజారంతా ఎరుగుదురు. మా వైపు దుకాణాల్లో దేవుళ్ళ పటాల పక్కన అధికారంలో ఉన్న నాయకుడి పటం ఉంటుంది. ఎన్నికల్లో ఓడితే పటం మారుతుంది. కానీ మనసులో అభిమానం మారదు కనుక పాత పటాన్ని పారెయ్యరు. సుబ్బయ్య గారు దాన్ని బనియన్ల అడుగున దాచాడు. ఎందుకైనా మంచిదని. ఏ ఊళ్ళో ఏ ఫ్లెక్సీ చినిగితే ఎవరి తలలు పగులుతాయో చూసిన ప్రాంతం మాది.

నేను లేవబోతుంటే "ఆమె తండ్రి చెయ్యి బాగుపడిందా?" అని అడిగాడు. పడలేదన్నాను.

మర్నాడు ఆఫీసుకు వచ్చి, చాటుగా, ఒక అర్జీని వెనక్కి తీసుకునే పద్ధతేమిటని అడిగాడు. సంతకం లేని అర్జీని వెనక్కి తీసుకోవాలంటే ముందు అది తనదేనని ఒప్పుకోవాలని నియమం చెప్పాను. ఆయన తల గోక్కుంటూ వెళ్ళిపోయాడు. మూడోనాడు తపాలాలో ఇంకో కవరు వచ్చింది: "స్వెట్టర్లమ్మే ఆవిడ చాలా మంచిది. మొన్నటి దేశభక్తుడి మాటలు నమ్మవద్దు. ఇట్లు, ఇంకొక దేశభక్తుడు." శకారం అదే.

అయితే ఆకాశరామన్నల మీద ఆధారపడి నివేదిక నిలవదు. నేను రాసి ఇచ్చినదాన్ని ఇన్‌స్పెక్టర్ గారు చదివి, రెండో అంశం దగ్గర పెన్ను ఆపారు. దేశం వదిలిన కారణం: ఫోటో.

"ఫోటో కోసం మనిషి కొండలు దాటి వస్తుందా అండీ? ఇది కారణమేనా? సరైనది రాయండి."

అక్కడ అది నేరం సార్ అన్నాను.

"నేరమా? ఏ సెక్షన్?"

"సెక్షన్ తెలియదు సార్. శిక్ష తెలుసు."

ఆయన కుర్చీ వెనక్కి వాలారు. చెప్పమన్నారు. పిండి నేలమీద పోసిన సంగతి, జైలు, బూటు పట్టలేని వేళ్ళు, ఫోనులో ఎండ కాచే సంగతి, వరసగా చెప్పాను. పోలీసు ఉద్యోగికి శిక్ష అంటే ఏమిటో, విచారణ లేకుండా పడే శిక్ష అంటే ఏమిటో విడమరచి చెప్పనక్కర్లేదు. నివేదిక నాకు తిరిగి ఇచ్చి, ఫోటో అన్న మాట కొట్టెయ్యకుండా దాని కిందనే తండ్రికి పడిన శిక్ష, వెనక్కి వెళితే ఆమెకు పడగల శిక్ష రాయమన్నారు. అలాగే రాశాను. అనుమానించదగినది ఏమీ లేదని ఆయన సంతకం చేశారు. జపాను ప్రస్తావన అవసరం లేదని దాన్ని మాత్రం కొట్టేశారు.

పేమమ్మ ఆర్సీకి గడువులోగానే పొడిగింపు వచ్చింది. ఆ చలికాలం చివర్లో సుబ్బయ్య గారి జర్కిన్లు కొన్ని ఆమె తడికెలో వేలాడడం చూశాను. అమ్మే నోరు ఆమెకుంది, ఆయనకు లేదు.

ఆ తర్వాత ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ శరణార్థి ఎవరు ఎదురైనా నేను అడిగే వరస మార్చుకున్నాను. మీరేం చేశారని అడిగితే వచ్చే జవాబు ఎప్పుడూ చిన్నదిగానే ఉంటుంది. ఫోటో దాచామంటారు, ఏదో పాట పాడామంటారు. దానికే దేశం వదులుతారా అని మనకు నవ్వొస్తుంది. మన దగ్గర పటం బనియన్ల పెట్టెలో ఐదేళ్ళుంటే మళ్ళీ గోడకెక్కే అవకాశం ఉంది కనుక అలా అనిపిస్తుంది. ఆ చిన్న పనికి అక్కడ ఏం చేస్తారన్నది రెండో ప్రశ్న. నివేదికలో రాయవలసింది దాని జవాబు.