షాహీనా అక్క మాన్యువల్

షాహీనాను ఏదడిగినా ఒకటే జవాబు: "మాన్యువల్ చూడు."

సూళ్లూరుపేటలో రొయ్యల చెరువుల నీళ్లు పరీక్షించే ల్యాబులో కంప్యూటర్లన్నీ ఆమె చేతికింద. ఏ కమాండ్ సంగతి తెలియకపోయినా, ‘మ్యాన్’ అని కొట్టి పక్కన దాని పేరు కొడితే వివరమంతా ఉన్న మాన్యువల్ పేజీ ఇంగ్లీషులో తెర మీదికొస్తుంది. అది చదవకుండా తన దగ్గరికొచ్చినవాళ్ల మొహమైనా చూసేది కాదు షాహీనా.

టీ పెట్టే గంగులయ్య ఒకసారి, "అమ్మా, చక్కెర ఎంత వేసేది?" అన్నాడు.

"మాన్యువల్ చూడు" అంది, తెర మీంచి కళ్లు తిప్పకుండా.

పాపం, ఆయన డబ్బాలన్నీ వెతికాడు. ఆ పూట అందరూ చప్పటి టీ తాగారు.

ఆ మాట అందరికంటే ఎక్కువగా పడ్డది వనజాక్షి. ల్యాబులో కొత్తగా పనికి చేరిన, పులికాట్ సరస్సు ఒడ్డున చేపల వేటకెళ్లేవాళ్ల పిల్ల. ఇంగ్లీషంటే గుండెదడ. "ఒక్క ముక్క చెప్తే నీ సొమ్మేం పోతాదక్కా?" అని పోట్లాడేది. విసుక్కుంటూ వెళ్లి టీ తాగొచ్చి మళ్లీ ‘మ్యాన్’ కొడితే, ఇందాకటి ఇంగ్లీషు పేజీ బదులు నాలుగు ముక్కలు తేట తెలుగులో వచ్చేవి. కంప్యూటర్ మహిమ అనుకునేది వెర్రిపిల్ల. అలాగే పని నేర్చుకుంది, చెన్నైలో ఉద్యోగం తెచ్చుకుంది.

వెళ్లే రోజు, "నేను లేకపోతే నీకు బెంగగా ఉండదా అక్కా?" అంది.

షాహీనా కీబోర్డు దులుపుతూ, "మాన్యువల్ చూడు" అంది. వనజాక్షికి ఒళ్లు మండిపోయింది.

తీరా చెన్నై వెళ్లాక ఆ మాట కోసమే మొహం వాచిపోయింది. ఏదడిగినా అందరూ మర్యాదగా చెప్పేవాళ్లు. ఒక్కటీ రుచించేది కాదు.

"ఇక్కడ తెలుగు పేజీలు రావేం?" అని ఒకరోజు పక్క సీటు కరుణాకుమారిని అడిగింది.

"తెలుగులోనా? నేనెక్కడా చూళ్లేదే. మీవాళ్లెవరో రాసుంటారు."

తను టీకి లేచినప్పుడల్లా వెనకాల టకటకలాడిన కీబోర్డు వనజాక్షికి అప్పుడు గుర్తొచ్చింది. ఫోన్ చేసింది.

"ఆ పేజీలు నువ్వే రాసినావా అక్కా?"

"ఎవురో ఒకరు రాయాల గదా. పంపిస్తా, పెట్టుకో."

పేజీలొచ్చాయి. కంప్యూటర్ వాటిని ఎక్కడ వెతకాలో చెప్పే మ్యాన్‌పాత్‌లో ఆ ఫోల్డరు దారి రాసింది వనజాక్షి. తెలుగు పేజీలు దొరికాయి గానీ, మొదట్నించీ ఉన్నవన్నీ మాయం!

"అక్కా, పాతవన్నీ పొయినాయి!"

"యాడికీ పోలేదు. దారి చివర కోలన్, ఆ రెండు చుక్కలు, పెట్టినావా?"

"లేదు."

"అది లేకుంటే కొత్త చోట మాత్రమే వెతకతాది. పెడితే, ఆడ చూసినాక పాత చోట్లకీ పోతాది. కొత్త చోటు దొరికిందని పాతదాన్ని మర్చిపోతే ఎట్టా?"

కోలన్ పెట్టగానే అన్నీ తిరిగొచ్చాయి. బెంగ మాత్రం ఇంకా ఎక్కువైంది.

"ఆదివారం రానా అక్కా?" అంది వనజాక్షి, వచ్చే జవాబు తెలిసే.

అవతల కీబోర్డు టకటక ఆగింది.

"రా. పొద్దున బండికే రా" అంది షాహీనా. "మీ ఇంట్లో చేసే చేపల పులుసు తినాలనుండాది. నాకు చెయ్యను రాదు. ఎట్టా చేసేదో చెప్పు."

మాన్యువల్ చూడమనడానికి వనజాక్షికి నోరు రాలేదు.

"చింతపండు నానేసి పెట్టుకో అక్కా, వస్తా" అంది.